మా ఊళ్లో కన్సాలిడేటెడ్ ప్లాన్ హియరింగ్ పెట్టారు. వెళ్లి లాభం ఉందా?

గోదారిగట్టు
డాలస్ శివారులో ఉంటున్నాం. ఊరి పేరు చెప్పను, చెబితే ఇక్కడివాళ్లలో సగం మంది మా వీధివాళ్లే అని తేలుతుంది. ఇంటి నుంచి లైబ్రరీకి వెళ్లే దారిలో పావు మైలు మేర కాలిబాట లేదు. నాన్నగారు రోజూ గడ్డి అంచు మీద నడుస్తారు, చెయ్యి చాపితే తగిలేంత దగ్గరగా పికప్ ట్రక్కులు పోతుంటాయి. నగర కార్యాలయానికి రాస్తే, "ఫెడరల్ గ్రాంటు వాడడానికి మీ ప్రాంతానికి అర్హత లేదు, సొంత నిధుల జాబితాలో చేర్చాం" అన్నారు. ఆ జాబితాలోకి వెళ్లింది ఏదీ బయటికి రావడం నేను చూడలేదు.

ఇప్పుడు నీటి బిల్లుతో పాటు ఒక కాగితం వచ్చింది. వచ్చే అయిదేళ్లకు కన్సాలిడేటెడ్ ప్లాన్ రాస్తున్నారట, సీడీబీజీ, హోమ్ అనే ఫెడరల్ గ్రాంట్లు ఎలా ఖర్చు పెట్టాలో ప్రజలు చెప్పాలట. అర్హత లేదని ముందే తేల్చినవాళ్లకు మా అభిప్రాయం దేనికి? ఇలాంటి సభలకు వెళ్లినవాళ్లు ఉంటే చెప్పండి.

కందిపొడి
ఒకసారి వెళ్లాను. హాల్లో సిబ్బంది అయిదుగురు, జనం ముగ్గురు. ఆ ముగ్గురిలో ఒకాయన వాన తగ్గేదాకా నిలబడదామని లోపలికి వచ్చారు. కుకీలు మాత్రం బాగున్నాయి.

లెక్కలమాస్టారు
మన పన్ను వాషింగ్టన్ వెళ్లాలి, అక్కడ కొంత అరిగి మళ్లీ మన ఊరికే రావాలి, దాన్ని ఎలా ఖర్చు పెట్టాలో చెప్పడానికి ఒక కన్సల్టెంటు, ఆయన రాసింది చదవడానికి మరొకరు. ఆ డబ్బు ఊళ్లోనే ఉంచితే మీ నాన్నగారి కాలిబాట ఎప్పుడో పడేది. ఈ పథకం మూసేస్తే అందరికీ మంచిది.

నగరశాఖలో_నేను
నా ఉద్యోగమే ఇది. గోదారిగట్టు గారి ఊరు కాదు, వేరే రాష్ట్రం. కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

1974లో వచ్చిన చట్టం కింద హడ్ (ఇళ్లు, పట్టణాభివృద్ధి చూసే ఫెడరల్ శాఖ) ఏటా సూత్రం ప్రకారం ఊళ్లకు ఇచ్చే డబ్బే సీడీబీజీ. మెట్రో ప్రాంతంలో 50,000 జనాభా దాటిన నగరానికి, 2 లక్షలు దాటిన కౌంటీకి నేరుగా వస్తుంది. ఇళ్ల కోసమే ఇచ్చే హోమ్ నిధులు 1990 చట్టం నుంచి వచ్చాయి. ఇవీ, నిరాశ్రయుల కోసం ఇచ్చే ఈఎస్‌జీ, హెచ్‌ఐవీ ఉన్నవారి వసతికి ఇచ్చే హోప్వా, నాలుగింటికీ కలిపి ఊరు రాసే పత్రం కన్సాలిడేటెడ్ ప్లాన్. మూడు నుంచి అయిదేళ్లకు ఒకటి. దాని కింద ఏటా ఒక యాక్షన్ ప్లాన్. ఏడాది ముగిశాక 90 రోజుల్లో ఏం చేశామో నివేదిక.

సీడీబీజీలో ఖర్చు పెట్టే ప్రతి డాలరూ మూడింటిలో ఒక లక్ష్యానికి సరిపోవాలి: తక్కువ, మధ్యస్థ ఆదాయం వారికి మేలు, శిథిల ప్రాంతాల బాగు, లేదా విపత్తు లాంటి తక్షణ అవసరం. అందులోనూ 70 శాతం మొదటిదానికే పోవాలి. ఈ లెక్కలో తక్కువ, మధ్యస్థ ఆదాయం అంటే ఆ ప్రాంతపు మధ్యమ ఆదాయంలో 80 శాతం లోపు. వీధి దీపం, కాలిబాట లాంటివి ప్రాంతమంతటికీ పనికొచ్చేవి కాబట్టి, అక్కడ నివసించేవారిలో 51 శాతం మంది ఆ గీత కింద ఉండాలి. మీకు "అర్హత లేదు" అన్నది దీని ప్రకారమే అయి ఉంటుంది.

కానీ హియరింగ్ ఎందుకు అన్నారు చూడండి, అసలు మాట అక్కడ ఉంది. ముసాయిదా అచ్చయ్యాక వచ్చి మైకులో మాట్లాడేవాళ్లే ఎక్కువ. అప్పటికి అంతా అయిపోయి ఉంటుంది. ముసాయిదాకు ముందు "అవసరాలు చెప్పండి" అని పెట్టే సభ ఒకటి చట్టం ప్రకారం తప్పనిసరి. మీకు వచ్చిన కాగితం దానిదే అయితే వదలకండి. ప్రాధాన్య అవసరాల పట్టికలో లేని పనికి తర్వాత డబ్బు ఇవ్వాలంటే ప్లాన్‌ను సవరించాలి, మళ్లీ నోటీసు, మళ్లీ 30 రోజులు. ఆ తలనొప్పి ఏ ఉద్యోగీ కోరుకోడు.

కందిపొడి
ఆ పట్టిక మా ఊరిది చూశాను. వరుసగా ఉన్న ప్రతి అవసరం పక్కనా "అధిక ప్రాధాన్యం" అనే ఉంది. అన్నీ అధికమే అయితే తక్కువ ఏది?

నగరశాఖలో_నేను
అందులో కిటుకు ఉంది. "అధికం" అని రాసుకుంటే అయిదేళ్లు చేతులు కట్టుబడవు. నేనూ అలాగే రాస్తాను.

పాతచింతకాయ
గుంటూరు నుంచి. పురపాలక శాఖలో పనిచేసి రిటైరయ్యాను. 2005 చివర్లో జేఎన్‌ఎన్‌యూఆర్‌ఎం అని నగరాలకు కేంద్రం పథకం వచ్చినప్పుడు విజయవాడ, విశాఖ, హైదరాబాద్‌లు నగరాభివృద్ధి ప్రణాళిక రాస్తే తప్ప కేంద్రం డబ్బు రాదన్నారు. అక్కడా కన్సల్టెంట్లే, అక్కడా "భాగస్వాముల సమావేశం"లో సమోసాలే. తర్వాతి వాయిదా రావాలంటే వినియోగ ధ్రువపత్రం. మీ కథ చదువుతుంటే కుర్చీలో కూర్చుని పాత ఫైలు తిప్పుతున్నట్టు ఉంది.

లెక్కలమాస్టారు
నగరశాఖ గారూ, వివరంగా చెప్పారు, సంతోషం. కానీ నా ప్రశ్నకు జవాబు లేదు. ఈ పథకం ఏటా 300 కోట్ల డాలర్లకు పైనే. దీనివల్ల పేదరికం తగ్గిందని ఎవరైనా చూపించగలరా? ప్రతి ఊరికీ కొంచెం కొంచెం పంచితే ఎక్కడా ఏమీ కనిపించదు.

నగరశాఖలో_నేను
పంపకం పలచన అన్నది నిజమే, దాని మీద మా శాఖలోనే గొడవలు పడతాం. ఇక "ఊళ్లోనే ఉంచాలి" అంటారా, ఆ వాదం నుంచి పుట్టిందే ఈ గ్రాంటు. అంతకుముందు పట్టణ పునర్నిర్మాణానికి ఒకటి, నీటి గొట్టాలకు ఒకటి, మోడల్ సిటీస్‌కు ఒకటి, ఇలా వేరు వేరు పథకాలు ఉండేవి. ప్రతిదానికీ వాషింగ్టన్ గుమ్మం దగ్గర నిలబడాలి. వాటిని ఒకటిగా కట్టి నిర్ణయం ఊరికే వదలాలన్నది నిక్సన్ ప్రభుత్వం ముందుకు తెచ్చిన ఆలోచన. ఆయన రాజీనామా చేసిన రెండు వారాల లోపే, 1974 ఆగస్టు 22న, ఫోర్డ్ సంతకం చేశారు. మూసేయాలనే ప్రతిపాదనా కొత్త కాదు. ట్రంప్ తొలి పదవీకాలంలో ఏటా బడ్జెట్‌లో దీన్ని సున్నా చేయమన్నారు, కాంగ్రెస్ ఏటా డబ్బు ఇచ్చింది. 2025 మేలో మళ్లీ అదే ప్రతిపాదన, హోమ్‌తో కలిపి.

ఏరీగట్టు_ఏకాంబరం
క్లీవ్‌లాండ్ నుంచి. సూత్రం గురించి ఒక మాట. రెండు సూత్రాలు ఉన్నాయి, ఏది ఎక్కువ ఇస్తే అది. మొదటిదాంట్లో పేదరికానికి సగం బరువు, మిగతాది జనాభాకు, ఇరుకు కాపురాలకు. 1977లో చేర్చిన రెండోదాంట్లో 1940కి ముందు కట్టిన ఇళ్లకే సగం బరువు. మా పాత ఇళ్లు ఇలా డబ్బు తెస్తుంటే, డాలస్ పక్కన నిన్న మొన్న వెలిసిన ఊళ్లకు ఆ భాగ్యం ఎక్కడిది? మీ గరాజుల్లో కొత్త పెయింటు వాసన కూడా పోయి ఉండదు.

అద్దెఇల్లు
1940కి ముందటి ఇల్లు ఒకటి కొని బాగు చేయించి, అద్దెకు కాకుండా తానే ఉంటున్న ధనవంతుడు కూడా ఆ లెక్కలో వస్తాడు కదా?

ఏరీగట్టు_ఏకాంబరం
వస్తాడు. ఆ విమర్శ చాలా ఏళ్లుగా ఉంది. మార్చడానికి మా సెనేటర్లు ఒప్పుకోరు లెండి.

శనివారం_బడి
మా తెలుగు సంఘానికి సొంత హాలు లేదు. ఉగాదికి ఏటా హైస్కూలు ఆడిటోరియం అద్దె కట్టలేక చస్తున్నాం. ఈ గ్రాంటు అడగవచ్చా?

కందిపొడి
"శిథిల ప్రాంతాల బాగు" కింద అడగండి. మీ గత ఏడాది నాటకం చూశాను.

నగరశాఖలో_నేను
ఉగాది వేడుకకు రాదు. తల్లిదండ్రుల కోసం పగటిపూట కేంద్రం, రవాణా, భోజనం లాంటివి అయితే అడగవచ్చు. వృద్ధులను ఈ చట్టం తక్కువ ఆదాయం వారిగానే భావిస్తుంది, ఒక్కొక్కరి ఆదాయం రుజువు అక్కర్లేదు. కొడుక్కి ఎంత పెద్ద ఇల్లున్నా సరే. గుడి నడిపినా ఫర్వాలేదు, కానీ ఆ డబ్బుతో పూజ, ప్రవచనం కూడదు, భోజనానికి వచ్చినవాళ్లను దర్శనానికి రమ్మని బలవంతం చేయకూడదు.

అయితే సేవలకు 15 శాతం గరిష్ఠ పరిమితి. ఊరికి 10 లక్షల డాలర్లు వచ్చాయనుకోండి. పరిపాలన, ప్రణాళికలకు 2 లక్షలు మించకూడదు, సేవలన్నింటికీ కలిపి లక్షన్నర. ఆ లక్షన్నర కోసం గృహహింస బాధితుల ఆశ్రయం, ఆహార బ్యాంకు, బడి తర్వాత పిల్లల కేంద్రం, ఇంటికే భోజనం తెచ్చేవాళ్లు, అందరూ వరుస కడతారు. వాళ్లు ఏళ్ల తరబడి వస్తున్నారు, మా ఫారాలు మాకంటే వాళ్లకే బాగా తెలుసు.

శనివారం_బడి
అంటే దరఖాస్తు పెడితే రావచ్చు?

అద్దెఇల్లు
మా సంస్థకు ఒకసారి వచ్చింది, నేను కోశాధికారిని. చెప్పనివ్వండి. డబ్బు ముందు ఇవ్వరు. ముందు మనం ఖర్చు పెట్టాలి, రశీదులు, జీతాల చీటీలు, ఎవరు ఏ గంట ఏ పని చేశారో పట్టికలు పంపాలి, ఆ తర్వాత తిరిగి ఇస్తారు. మొదటి బిల్లు మూడు సార్లు వెనక్కి వచ్చింది, ఒకసారి వ్యాను డ్రైవరు సంతకం కింద తేదీ లేదని. చేతిలో మూడు నెలల ఖర్చుకు సరిపడా డబ్బు లేని సంఘం దీని జోలికి పోకూడదు.

రెండోషిఫ్టు
చదువుతూ ఉన్నాను, మాట్లాడకూడదనుకున్నాను. కానీ ఇక్కడ అందరూ "వాళ్లకు", "పేదవాళ్లకు" అని రాస్తున్నారు. న్యూజెర్సీలో కిరాణా దుకాణంలో పనిచేస్తాను, నా భార్య బేకరీలో. మేమూ తెలుగువాళ్లమే. మా కౌంటీ హోమ్ నిధుల నుంచి ఇంటి డౌన్‌పేమెంటుకు సాయం ఇచ్చింది, ఆ ఇంట్లోనే కూర్చుని ఇది రాస్తున్నాను.

సాయం ఊరికే రాలేదు. ముందు ఇల్లు కొనేవారి తరగతులకు వెళ్లాలి. ఆ తర్వాత తనిఖీ. మేం చూసిన ఇల్లు 1978కి ముందుది, కిటికీ చట్రాల మీద పెయింటు పెచ్చులు లేస్తోంది. సీసం ఉండవచ్చని ఆపేశారు. తనిఖీకి వచ్చినాయన గోడ దగ్గర మోకాళ్ల మీద కూర్చుని ఒక్కొక్క పెచ్చుకూ ఫోటో తీశారు. అమ్మేవాళ్లు బాగు చేయించేదాకా మా గుండె చేతిలో పట్టుకుని ఉన్నాం, ఎందుకంటే వాళ్లకు వేరే గిరాకీ కూడా ఉంది. ఇంటి మీద కౌంటీకి తాకట్టు హక్కు ఉంది. చెప్పిన గడువు లోపల అమ్మితే సాయం వెనక్కి కట్టాలి. ఆ గడువు మొత్తాన్ని బట్టి 5 నుంచి 15 ఏళ్లు ఉంటుందట, మాది 10.

మాస్టారూ, 300 కోట్లు ఎక్కడ కనిపిస్తున్నాయని అడిగారు. మా కిటికీ చట్రాల దగ్గర కొంచెం కనిపిస్తోంది.

లెక్కలమాస్టారు
మీ ఇల్లు మీకు దక్కడం మంచిదే, కాదనను. కానీ ఒక ఇల్లు బాగుపడిందని పథకం బాగున్నట్టు కాదు. మీలాగే దరఖాస్తు పెట్టి, నిధులు అయిపోయాయని వెనక్కి వెళ్లినవాళ్లు ఎందరు? నేను అడిగేది అది.

రెండోషిఫ్టు
ఉన్నారు. మాతో తరగతిలో కూర్చున్న దంపతులకే రాలేదు. అందుకని నాకు వచ్చినదీ ఆపేయమంటారా?

హడ్సన్_ఇవతల
న్యూయార్క్ రాష్ట్రం. ఈ డబ్బుతో వచ్చే షరతుల గురించి ఎవరూ రాయలేదు. 1968 ఫెయిర్ హౌసింగ్ చట్టం ప్రకారం, గ్రాంటు తీసుకునే ఊరు వివక్ష లేని నివాసానికి చేయూతనిస్తున్నామని సంతకం చేయాలి. మా పక్క వెస్ట్‌చెస్టర్ కౌంటీ ఆ సంతకం ఏటా చేసింది, పని చేయలేదని 2006లో ఒక సంస్థ కోర్టుకు వెళ్లింది. 2009లో 6.25 కోట్ల డాలర్ల రాజీ. తెల్లవాళ్లు ఎక్కువగా ఉండే ఊళ్లలో 750 ఇళ్లు కట్టాలని ఒప్పందం. తర్వాతా ఏళ్ల తరబడి తగాదా, హడ్ నిధులు ఆపేసింది. "వచ్చిన డబ్బేగా" అనుకుని తీసుకునే ఊళ్లు ఇది గుర్తు పెట్టుకోవాలి.

కందిపొడి
మా కాలనీ వాట్సాప్ గుంపులో అపార్ట్‌మెంట్లు కడతారంటే చాలు, "బడి రేటింగ్ పడిపోతుంది" అని మన పేర్లే వరుసగా వస్తాయి. అది కూడా ఇక్కడ ఒప్పుకోవాలి.

లెక్కలమాస్టారు
బడి రేటింగ్ చూసి ఇల్లు కొనడం నేరమా?

హడ్సన్_ఇవతల
నేరమని ఎవరన్నారు? మన పిల్లలు చదివే బడి పక్కన కిరాణా కొట్టులో పనిచేసేవాళ్లకు ఇల్లు ఉండకూడదనడమే తేడా. అలాంటివారు ఒకరు ఈ చర్చలోనే పైన రాశారు కూడా.

గోదారిగట్టు
గొడవ పడకండి, నా కాలిబాట మధ్యలో నలిగిపోతోంది. హడ్ పటం తెరిచి చూశాను. మా బ్లాక్ గ్రూప్‌లో (జనగణనకు గీసిన చిన్న ప్రాంతం) 51 శాతం దరిదాపుల్లో లేదు. కానీ రెండు బ్లాక్ గ్రూప్‌లకు సరిహద్దు ఆ రోడ్డే! అవతలి వైపు పాత అపార్ట్‌మెంట్లు, అవి అర్హత ఉన్న రంగులో ఉన్నాయి. కాలిబాట లేనిది మా వైపు. ఇది ఎవరి ఖాతాలో పడుతుంది?

అద్దెఇల్లు
వృద్ధులు నడిచే దారి కదా, వృద్ధుల కోటాలో పెట్టేయమనండి. నగరశాఖ గారే చెప్పారుగా, వాళ్లకు రుజువు అక్కర్లేదని.

నగరశాఖలో_నేను
అలా కుదరదు. అందరూ నడిచే కొత్త కాలిబాట ప్రాంతం లెక్కలోకే వస్తుంది. ఉన్న కాలిబాట చివర చక్రాల కుర్చీ దిగడానికి వాలు లేకపోతే, ఆ అడ్డంకి తొలగించే పనిని మాత్రం ఊళ్లో ఎక్కడైనా వృద్ధులు, వికలాంగుల కింద చూపించవచ్చు.

గోదారిగట్టు గారూ, మీకు దారి వేరే ఉంది. పని ఏ గీతకు ఇవతల పడింది అన్నది కాదు, దాన్ని వాడేది ఎవరు అన్నది ముఖ్యం. ఆ కాలిబాట మీదుగా అపార్ట్‌మెంట్లవాళ్లు లైబ్రరీకి, బస్సుకు వెళ్తుంటే, సేవా పరిధిలో ఆ బ్లాక్ గ్రూప్ కూడా చేరుతుంది. పరిధిని నగరమే నిర్ణయించి, ఎందుకలా గీశారో ఫైల్లో రాసుకోవాలి. రెండింటినీ కలిపినా 51 రాకపోతే ఇంకొకటి అడగండి: అలాంటి ప్రాంతాలు పెద్దగా లేని సంపన్న ఊళ్లకు మినహాయింపు ఉంది. బ్లాక్ గ్రూప్‌లన్నింటినీ వరుస పెట్టి పై పావు భాగాన్ని తీసుకుంటారు, గీత 51 కంటే కిందికి దిగుతుంది. డాలస్ చుట్టుపక్కల కొన్నింటికి ఇది వర్తించే అవకాశం ఎక్కువ. మీ ఊరి గీత ఎంతో సిబ్బందినే అడగండి, చెప్పాలి.

మరొకటి. ఏడాది ముగియడానికి 60 రోజుల ముందు, ఖర్చు కాని డబ్బు ఏడాది గ్రాంటుకు ఒకటిన్నర రెట్లు మించకూడదు. అక్టోబరు 1న ఏడాది మొదలయ్యే ఊళ్లకు ఆ రోజు ఆగస్టు మొదట్లో పడుతుంది. జూన్, జూలైల్లో మేం సిద్ధంగా ఉన్న పని కోసం వెతుక్కుంటూ తిరుగుతాం. డ్రాయింగులు, పర్యావరణ సమీక్ష అయిపోయిన పావు మైలు కాలిబాట అప్పుడు దొరికితే ముద్దొస్తుంది. ఇంజినీరింగ్ విభాగాన్ని ముందే పట్టుకోండి.

పాతచింతకాయ
మార్చి 31 దగ్గర మా ఆఫీసులో బల్బులు, బ్లీచింగ్ పొడి బస్తాలు కొన్నట్టే. దేశం మారినా క్యాలెండరే మారింది.

గోదారిగట్టు
నిన్న వెళ్లి వచ్చాను. లైబ్రరీ వెనక గది. గోడకు చార్టులు అంటించారు: ఇళ్ల మరమ్మతు, అద్దె సాయం, వీధులు, వృద్ధుల సేవలు, ఇంకా ఏవో. మనిషికి నాలుగు ఆకుపచ్చ చుక్కలు ఇచ్చి, ముఖ్యమైనవాటి మీద అంటించమన్నారు. నా ముందున్నాయన నాలుగూ వీధుల మీదే అంటించి టీ తాగడానికి వెళ్లిపోయారు. నేను మూడు వీధులకు, ఒకటి ఇళ్ల మరమ్మతుకు.

అపార్ట్‌మెంట్ల నుంచి ఒకావిడ వచ్చారు, స్పానిష్‌లో మాట్లాడితే పక్కన ఒక అమ్మాయి ఇంగ్లిష్‌లో చెప్పింది. పిల్లాడి బండి తోసుకుంటూ బస్సు దగ్గరికి వెళ్లడానికి ఆవిడకూ అదే గడ్డి. వానపడితే బండి చక్రాలు కూరుకుపోతాయట, రోడ్డెక్కి తోస్తారట. సేవా పరిధి మాట ఎత్తగానే సిబ్బందిలో ఒకాయన తలెత్తి చూశారు. మా ఊరికి మినహాయింపు గీత ఉందన్నారు, ఎంతో చూసి మెయిలు పంపుతారట. ఆవిడా నేనూ కలిసి ఒకే వినతి ఇద్దామనుకున్నాం.

లెక్కలమాస్టారు
సరే, ఆ గీత ఎంతో వస్తే ఇక్కడ పెట్టండి. ఒప్పుకోవడానికి కాదు, లెక్క చూడడానికి.

శనివారం_బడి
రాతలో ఇవ్వాలంటే తెలుగులో ఇవ్వచ్చా? మా పెద్దవాళ్లు ఇంగ్లిష్‌లో రాయలేరు, మేం రాస్తే వాళ్ల మాట ఉండదు.

నగరశాఖలో_నేను
ఇవ్వచ్చు. ఇంగ్లిష్ రానివాళ్లు చెప్పుకోదగ్గ సంఖ్యలో హియరింగ్‌కు వస్తారనుకుంటే వాళ్లకు ఏ ఏర్పాటు చేస్తారో ఊరి ప్రజా భాగస్వామ్య ప్రణాళికలోనే ఉండాలి. దుబాసి కావాలంటే కొన్ని రోజుల ముందే అడగండి, ఆ రోజు అడిగితే దొరకరు. రాసిన అభిప్రాయాలన్నింటి సారాంశం తుది ప్లాన్‌కు జతచేయాలి, ఒప్పుకోనివాటికి కారణం కూడా రాయాలి. కాబట్టి "రోడ్డు బాగోలేదు" అని రాయకండి. ఫలానా వీధి నుంచి ఫలానా వీధి వరకు, ఇంత పొడవు, వాడేది వీళ్లు అని రాసి ఫోటో పెట్టండి. అప్పుడు తిరస్కరించాలన్నా ఆ వీధి పేరు రాయక తప్పదు.

అద్దెఇల్లు
ఈ ఏడాది ఎంత వస్తుందో హడ్ ఇంకా చెప్పలేదని మా దగ్గర అంటున్నారు. మొత్తం తెలియకుండా ముసాయిదా ఎలా రాస్తారు?

నగరశాఖలో_నేను
అంచనాతో రాసి, ఎక్కువ వస్తే ఈ పనికి కలుపుతాం, తక్కువైతే ఈ పని నుంచి తీస్తాం అని ముందే ఒక పేరా పెడతాం. ఆ పేరా తప్పకుండా చదవండి, కోత ఎవరి మీద పడుతుందో అందులోనే ఉంటుంది. ఆగస్టు 16 దాటితే మాత్రం ఆ ఏడాది సీడీబీజీ పోయినట్టే, అంచనాలు, సాకులు ఏవీ పనిచేయవు.

కొత్తసభ్యుడు_కరీంనగర్
మా ఊరి జనాభా 50,000 లోపే, డాలస్ దగ్గరే. అంటే మాకు ఏమీ లేనట్టేనా?

నగరశాఖలో_నేను
ముందు మీ కౌంటీకి ఫోన్ చేయండి. చిన్న ఊళ్లు కౌంటీతో మూడేళ్ల ఒప్పందం చేసుకుంటాయి, మీ ఊరు అందులో ఉందో లేదో చెబుతారు. ఉంటే కౌంటీ హియరింగే మీ హియరింగ్. లేకపోతే రాష్ట్రం దగ్గర చిన్న ఊళ్ల కోసం వేరే వాటా ఉంది, మొత్తంలో 30 శాతం. దానికి పోటీ పడాలి, దరఖాస్తు పెట్టాల్సింది మీరు కాదు, మీ కౌన్సిల్.